ఇంటికి తీసుకెళ్ళిన పంచదార

డెబ్బై తొమ్మిదో సంవత్సరం నవంబరు ఇరవై నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం గురునాథరావు తిన్నవి రెండు మినపగారెలు, కొంచెం నాటుకోడి కూర, చివర్న ఇంత పెరుగన్నం. భార్య గౌరీశ్వరి పోయి ఆ రోజుకి ఏడాది. ఆనందపురం నుంచి అప్ప రామలక్ష్మమ్మ ముందురోజే వచ్చి, చనిపోయినావిడకి ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు ఆకు వేసి వడ్డించింది. తర్వాత తమ్ముణ్ణి కూర్చోబెట్టింది.

"రెండు గారెలు తినీసి లేసిపోతావేటిరా? దాని పేరు సెప్పి ఏసినవి. ఇంకోటి ఏసుకో."

"క్లాసుందప్పా."

"శనారం పూట ఏటి క్లాసు? ఈ వానలో ఏ పిల్లగుంటలొస్తారు?"

"పెడతానని చెప్పేశాను. ఒక్కరొచ్చినా చెప్పాలి కదా."

వాయుగుండం పట్టి రెండు రోజులుగా వాన. గొడుగు గాలికి తిరగబడుతుంటే పట్టుకుని బస్సెక్కాడు. కాలేజీలో బి.కాం. ఆఖరి సంవత్సరం తెలుగు మీడియం వాళ్ళకి ముగింపు లెక్కలు చెప్పేది అతనే. ఆ రోజు అనుకున్నదానికంటే త్వరగానే క్లాసు వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నాడు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ రోజుకి సంబంధించి గారెల రుచీ, తడిసి బరువెక్కిన చెప్పులూ గుర్తొచ్చేవి. పాఠం గుర్తొచ్చేది కాదు.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యాయి. క్రిస్మస్ సెలవులకి ఇంకా రెండు వారాలున్నాయనగా సోమవారం నాడు పేపర్ల కట్ట పట్టుకుని క్లాసులోకి వచ్చాడు.

పేపర్లిచ్చే రోజు గురునాథరావుకి ఒక అలవాటు. మార్కులు చెప్పేముందు, వింతగా రాసిన జవాబు ఒకటి తీసి, ఎవరిదో చెప్పకుండా చదివి వినిపిస్తాడు. పిల్లలు నవ్వుతారు. రాసినవాడు కూడా ఎవరికీ అనుమానం రాకుండా వాళ్ళతో కలిసి నవ్వేస్తాడు. నలుగురూ నవ్విన తప్పు మళ్ళీ ఎవరూ చెయ్యరని అతని నమ్మకం. అందులో హాని ఉందని అతనికెప్పుడూ అనిపించలేదు. ఆ ఒక్కరోజు క్లాసుకి ఆలస్యంగా వచ్చేవాళ్ళుండరు.

"కిరాణా వ్యాపారి కొట్టులోంచి ఒక బస్తా పంచదార ఇంటికి తీసుకెళ్ళాడు. దాన్ని ఏం చెయ్యాలి?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"కాఫీ పెట్టుకోవాల సార్" అన్నారెవరో. నవ్వులు మొదలయ్యాయి.

"కాఫీ తర్వాత. ముందు లెక్క. కొనుగోళ్ళలోంచి తగ్గించి, యజమాని సొంతవాడకాల్లో చూపాలి. అందరూ అలాగే చేశారు. ఒక్క మహానుభావుడు మాత్రం తీసుకెళ్ళి అమ్మకాల్లో కలిపాడు. అంటే ఆ కొట్టు యజమాని పొద్దున్నే వచ్చి కొట్టు ముందు నిలబడి, 'బాబూ, పంచదారుందా' అని తనని తనే అడిగాడన్నమాట."

క్లాసు గొల్లుమంది.

"ఉంది బాబూ, ఎంత కావాల?" వెనక బెంచీలోంచి ఒకడు అందుకున్నాడు.

"బేరాల్లేవు బాబూ" అన్నాడింకొకడు.

నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అంత నవ్వు ఈ మధ్య ఆ క్లాసులో లేదు. ఆ ఊపులో గురునాథరావు అక్కడితో ఆగలేకపోయాడు. చేతిలో గుండుసూదితో కలిపి గుచ్చిన రెండు పేపర్లు పైకెత్తాడు.

"మహానుభావుడు ఒక్కడైతే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇద్దరున్నారు. లాభం సరిగ్గా వచ్చింది, ఆస్తి అప్పుల పట్టీ సమానంగా కూడింది. తప్పు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒక్కటే. పరీక్షలో ఇద్దరూ ముందూ వెనకా కూర్చున్నారు."

కాపీ కొట్టకుండా మగపిల్లల బెంచీకీ బెంచీకీ మధ్య ఆడపిల్లని కూర్చోబెట్టే పద్ధతి ఆ డిపార్టుమెంటులో పెట్టింది అతనే.

"జయశీల, అప్పలసూరి. లేవండి."

పేర్లు చెప్పడం అతని అలవాటు కాదు. కానీ చెప్పేశాడు.

జయశీల లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎప్పుడూ ముందు బెంచీలో గోడవైపు కూర్చుంటుంది. వెనకాల అప్పలసూరి లేచాడు. మల్కాపురం కుర్రాడు, తండ్రి రేవులో కలాసీ, ఓడల్లో బరువులెత్తే కూలీ. క్లాసులో నోరు విప్పి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"ఎవరు ఎవర్ని చూసి రాశారు?"

"నేను ఎవర్నీ చూడలేదు సార్" అంది జయశీల. "మీరే ఆ రోజు..." అని, వెనక్కి తిరిగి అప్పలసూరి వైపు ఒకసారి చూసి, ఆగిపోయింది.

"ఆ, నేనే ఆ రోజు? చెప్పు."

ఆమె తల దించుకుంది.

"నానే సూసి రాసేను సార్" అన్నాడు అప్పలసూరి. "ఆవిడికేటీ తెల్దు."

ఆ 'ఆవిడ' దగ్గర క్లాసంతా ఒక్కసారి "ఓ..." అని దీర్ఘం తీసింది. జయశీల చెవులు ఎర్రబడ్డాయి. గురునాథరావు ఇద్దరి పేపర్ల మీదా మార్కులు కొట్టేసి, అప్పలసూరిని తండ్రిని తీసుకురమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్న అతను వచ్చేసరికి క్లాసు తలుపు మీద చాక్‌పీసుతో గుండ్రటి అక్షరాలున్నాయి. 'మెసర్స్ అప్పలసూరి అండ్ జయశీల. భాగస్వామ్య సంస్థ. లాభనష్టాలు సమానం.'

అది చదవగానే గురునాథరావుకి నవ్వొచ్చింది. ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమానంగా పంచుకోవాలన్న సూత్రం క్రితం నెలే చెప్పాడు. ఎవడో బాగానే విన్నాడనుకున్నాడు. పెదవుల మీది నవ్వు పోకముందే లోపలికి చూశాడు. గోడవైపు చోటు ఖాళీగా ఉంది. దాని వెనక బెంచీలో అప్పలసూరి చేతులు ఒళ్ళో పెట్టుకుని నల్లబల్ల వైపు చూస్తున్నాడు. మేస్టారు నవ్వడం అతను చూశాడు.

గురునాథరావు జేబురుమాలు తీసి ఆ రాత తుడిచాడు. పచ్చరంగు తలుపు మీద తెల్లటి మరక మిగిలింది.

జయశీల బుధవారం రాలేదు, గురువారమూ రాలేదు. గురువారం మధ్యాహ్నం ఆమె తండ్రి వచ్చాడు.

స్టాఫ్ రూములో గురునాథరావు, అతని తోటి లెక్చరరు సన్యాసిరాజు మాత్రమే ఉన్నారు. వచ్చినాయన గుమ్మం బయటే చెప్పులు విప్పబోతే వద్దన్నారు. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, నుదుటిమీద చెమట.

"జ్ఞానదాసంటారు సార్ నన్ను. పోర్టులో టైంకీపర్ని. జయశీల మా అమ్మాయే. టి.సి. కావాల."

"కూర్చోండి. పరీక్షలు మార్చిలోనే కదా. ఇప్పుడు మానిపిస్తే మూడేళ్ళూ..."

"తెలుసు సార్." ఆయన కూర్చోలేదు. "దానికి సదువంటే పేణం. నాకూ అంతే. కానీ మా చర్చిలో కుర్రోళ్ళు మీ కాలేజీలో సదూతన్నారు. తలుపు మీద ఏటి రాసేరో మా వీధంతా తెలిసిపోనాది. ఏటా క్రిస్మస్ పాటలకి ముందు నడిచీది అదే. మొన్నట్నించి గదిలోంచి రాదు. దాన్నేటీ అడగనేదు నాను. అడగాలంటే నాకే సిగ్గేస్తంది."

సన్యాసిరాజు కలగజేసుకున్నాడు. "కుర్రాళ్ళ ఆకతాయితనమండీ. రెండ్రోజుల్లో మర్చిపోతారు."

"మీకు రెండ్రోజులు బాబూ" అన్నాడు జ్ఞానదాసు మెల్లగా. తర్వాత గురునాథరావు వైపు తిరిగాడు. "తప్పు నాదీ ఉంది సార్. ఆ వాన రోజునే నాను కనిపెట్టాల్సింది. వాయుగుండం పట్టిన శనారం, మీ స్పెషల్ క్లాసుకి సైకిలు మీద నానే దింపేను. వద్దమ్మా అంటే వినదు. మేస్టారు గారు వస్తానన్నారు, వస్తారు అంది. రూముదాకా వచ్చి తొంగి చూసేను కూడా. ఈ పిల్ల, ఆ కుర్రోడు, మీరు. ఇంకో మనిషి లేడు. మేస్టారున్నారు కదా, భయమేటని ఎల్లిపోనాను. అక్కడే మొదలయ్యుంటాది."

గురునాథరావు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"ఇద్దరేనా?"

"ఇద్దరే సార్. మీరు బోర్డు మీద రాస్తన్నారు."

టి.సి. సంగతి శనివారం చెప్తానని మాత్రం అనగలిగాడు. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. గురునాథరావు లేచి క్లాసు రూములోకి నడిచాడు. పిల్లలు భోజనాలకి వెళ్ళారు. నల్లబల్ల ఖాళీగా ఉంది. చాక్‌పీసు తీసుకుని, ఎడమవైపు కొనుగోళ్ళు, కుడివైపు అమ్మకాలు అని రాశాడు. అలా రాస్తే తప్ప జ్ఞాపకం రాదని అతనికి తెలుసు.

అప్పుడు వచ్చింది.

గౌరీశ్వరి తండ్రి జగ్గయ్యకి పూర్ణా మార్కెట్లో కిరాణా కొట్టుండేది. పెళ్ళికి ముందు ఆవిడ సాయంత్రం పూట కొట్టుకి వెళ్ళి, కాగితం పొట్లంలో పంచదార కట్టుకుని ఇంటికి బయల్దేరితే, జగ్గయ్య గుమాస్తాని కేకేసేవాడట. "అమ్మాయి గారికి అమ్మకం, రాసుకో." ఆ మాట ఆవిడ వాళ్ళ నాన్న గొంతుతో చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నవ్వేది.

గారెలు తిని వచ్చిన ఆ మధ్యాహ్నం, వానలో తడిసి వచ్చిన ఇద్దరు పిల్లలకి గురునాథరావు ఈ కథే చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. అతను బల్లవైపు తిరిగి, జగ్గయ్య చెప్పినట్టే, అమ్మకాల కింద పంచదార అని రాశాడు. ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఒకటుంది. మావగారు సరదాకి అన్నారు, పద్ధతి ఇది కాదు, ఇప్పుడు అసలు పద్ధతి చూడండి, అని. ఆ మాటకోసం నోరు తెరిస్తే గొంతు రాలేదు. చాక్‌పీసు బల్ల అంచున పెట్టి, "ఇవాళ్టికి చాలు" అని, గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. సోమవారం వచ్చి తర్వాతి సర్దుబాటు లెక్క మొదలుపెట్టాడు. రానివాళ్ళు గైడులో చూసి సరిగ్గా నేర్చుకున్నారు. వచ్చిన ఇద్దరూ మేస్టారు చెప్పిందే నమ్మారు.

బల్ల మీద రాసింది తుడవడానికి డస్టర్ ఎక్కడుందో కాసేపు కనిపించలేదు. అది అతని చేతిలోనే ఉంది.

స్టాఫ్ రూముకొచ్చి సన్యాసిరాజుకి చెప్పాడు. సన్యాసిరాజు మంచివాడే. గౌరీశ్వరి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇతని క్లాసులన్నీ చెప్పినవాడు.

"దీనికంత బాధేటి బావా? మార్కులు సవరించీ. హెడ్డుకి నేను చెప్తాను. ఆ పెద్దమనిషికి నచ్చచెప్పి పంపీ. క్లాసులో మాత్రం నోరెత్తకు. లెక్చరర్ తప్పు చెప్పేడంటే రేపట్నించి నీ మాట ఎవుడు వింటాడు? పైగా ఎందుకు తప్పొచ్చిందో కూడా చెప్పాల్సొస్తది."

చివరి మాటే గురునాథరావు మనసులో ఉన్నది. సరేనని తలూపి, గుండుసూది తీసి, రెండు పేపర్ల మీదా కొట్టేసిన మార్కులు మళ్ళీ వేశాడు. వేసి చూసుకుంటే మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. కాగితం మీద మార్కులే మారాయి.

సాయంత్రం బస్టాపులో అప్పలసూరి కనిపించాడు. మల్కాపురం బస్సు కోసం స్తంభం పక్కన నిలబడి, మేస్టార్ని చూడగానే చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

"మా అయ్యకి షిఫ్టు సార్. రేపు తెత్తాను."

"తీసుకురాక్కర్లేదు. నువ్వు చూసి రాయలేదు కదూ."

అప్పలసూరి పుస్తకాలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆ శనివారం నేను చెప్పిందే రాశారు ఇద్దరూ. ఎందుకు చెప్పలేదు?"

"ఏటి సెప్తాం సార్." అప్పలసూరి బస్సొచ్చే వైపు చూస్తూ అన్నాడు. "మీరు కళ్ళు తుడుసుకుంటా ఎల్లిపోనారు. ఎందుకో మాకు తెల్దు. అటెండర్ని అడిగితే, అమ్మగారు పోయి ఏడాదని సెప్పేడు. అప్పుడే జయశీల అంది, ఈ సంగతి ఎవులితోనూ అనొద్దు, సారుకీ గుర్తు సెయ్యొద్దు అని. నాను ఒట్టేసేను. మొన్న ఆవిడే మర్సిపోయి అనబోనాది."

"అందుకని నువ్వు మీదేసుకున్నావా?"

"నాకేటి సార్, మగోణ్ణి. ఆవిడి మీదకి రాదనుకున్నాను." గొంతు తగ్గించాడు. "నాను నోరు మూసుకునుంటే బాగుండేది. నానన్నదాన్నిబట్టే అంత రాసీసేరు."

బస్సొచ్చింది. ఎక్కబోతూ ఆగి, "మీరు నవ్వినారు సార్, తలుపు కాడ" అన్నాడు. నిందగా అనలేదు. ఆ ఒక్కటీ తనకి అర్థం కాలేదన్నట్టు అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.



శుక్రవారం క్లాసులో హాజరు పిలవగానే చాక్‌పీసు తీసుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"మొన్న ఒక వింత జవాబు చెప్పాను. ఇంకొకటుంది. అదీ వినండి."

పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కొందరు అప్పుడే నవ్వు సిద్ధం చేసుకున్నారు.

"ఒకాయనకి పాఠం చెప్పమని జీతమిస్తారు. ఆయన బోర్డు మీద తప్పు పద్ధతి రాసి, ఒప్పు పద్ధతి చెప్పకుండానే గొడుగు తీసుకుని ఇంటికి పోయాడు. పోయి, నెల తిరక్కుండా, ఆ తప్పు రాసినందుకు పిల్లల మార్కులు కొట్టేశాడు."

అందరూ నవ్వారు. "ఏ కాలేజీ సార్?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. "టి.సి. ఇచ్చీమను సార్ ఆయనికి."

గురునాథరావు నవ్వు ఆగేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి, ప్లాట్‌ఫారం దిగి, గోడవైపు ఖాళీగా ఉన్న జయశీల చోటు పక్కకి వచ్చి నిలబడ్డాడు. తప్పు రాసిన పిల్లల్ని ఎలా నిలబెడతాడో అలాగే, చేతులు కట్టుకుని.

"ఆ జవాబు నాది" అన్నాడు.

వానరోజు సంగతి చెప్పాడు. ఎంతమంది వచ్చారో చెప్పాడు. గౌరీశ్వరి పేరూ, జగ్గయ్య కొట్టూ చెప్పాడు. ఈసారి గొంతు పూడుకుపోలేదు. అలా పోనందుకు కూడా సిగ్గేసింది. "వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే. నాకు కష్టం కలుగుతుందని నోరు మూసుకున్నారు. మీరూ నేనూ కలిసి దానికి వేరే పేరు పెట్టాం. తలుపు మీద రాసిందెవరో నాకక్కర్లేదు. అది చూసి ముందు నవ్వినవాణ్ణి నేనే."

వెనక బెంచీ కుర్రాడు పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పలసూరి మాత్రం బల్ల మీద తల ఆనించేశాడు. గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఉండి, దగ్గరికొచ్చి, "ఎందుకు సార్ అమ్మగోరి సంగతి సెప్పేసేరు, జయశీల వద్దన్నాది కదా" అన్నాడు.

జ్ఞానదాసు ఇల్లు పాత పోస్టాఫీసు వెనక సందులో. ఆ సాయంత్రం గురునాథరావు వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. వీధరుగు మీద వెదురుబద్దలకి రంగు కాగితం అంటించిన నక్షత్రం సగం పూర్తయి గోడకానించి ఉంది. తలుపు తీసింది జ్ఞానదాసు భార్య ఆరోగ్యమ్మ. చూసి, ఏమీ అనకుండా, పక్కకి తప్పుకుంది.

కుర్చీ వేశారు. అతను కూర్చోలేదు. క్లాసులో చెప్పింది మొదట్నుంచీ, ఒక్క మాట తగ్గించకుండా నిలబడే చెప్పాడు. జ్ఞానదాసు నేలకేసి చూస్తూ విన్నాడు. చివరికి, "అంటే మా పిల్ల..." అని ఆగిపోయాడు. "నాను దాన్ని అడగనైనా అడగనేదు."

"అడగాల్సింది నేను. అడిగినట్టు అడిగి, చెప్పనివ్వలేదు."

లోపలి గది కర్టెను కదిలింది. జయశీల బయటికొచ్చి గోడ దగ్గర నిలబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గురునాథరావు ఆమె మొహం చూడలేక కాగితం నక్షత్రం వైపు చూశాడు.

"తప్పయిపోయిందమ్మా."

మేస్టారు ఆ మాట అంటే ఏం చెయ్యాలో ఆమెకెవరూ నేర్పలేదు. "ఆ పంచదారది మీరు పూర్తి చెయ్యలేదు సార్" అంది. "కొనుగోళ్ళలోంచే ఎందుకు తగ్గించాలి? లాభం ఎటూ ఒక్కటే వస్తుంది కదా."

అప్పుడు కూర్చున్నాడు గురునాథరావు. నక్షత్రానికి మిగిలిన కాగితం ముక్క ఒకటి ఆరోగ్యమ్మ ఇస్తే, దానిమీద గీతలు గీసి చెప్పాడు. అమ్మకమంటే బయటివాడొకడుండాలి. ఇంటివాళ్ళు బయటివాళ్ళు కారు. ఇంటికి పోయిన సరుకు అసలు కొట్టు కోసం కొన్నదే కాదనుకోవాలి. ఆమె వంగి చూస్తూ, మధ్యలో రెండు ప్రశ్నలడిగింది. జ్ఞానదాసు కూడా మెడ చాచి చూశాడు.

"అప్పలసూరికి కూడా మార్కులు వేశారా సార్?"

వేశానన్నాడు. తండ్రి ఒకసారి తలెత్తి కూతుర్ని చూశాడు. ఆమె అది గమనించింది. మొహంలోకి వచ్చిన కాస్త వెలుగూ పోయింది. "నేను ఇంకో బెంచీలో కూర్చుంటాను సార్. కిటికీ వైపు" అని, కాగితం మడిచి చేత్తో పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆ పొద్దున్నే అప్పలసూరి వెనక్కి, గుమ్మం పక్క బెంచీకి మారిపోయాడు. ఆ సంగతి గురునాథరావు చెప్పలేదు. ఇక ఆ ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోరు. తను సరిచెయ్యగలిగిన వాటిల్లో అది లేదు.

లేచాడు. జ్ఞానదాసు వీధిదాకా వచ్చాడు.

"సోమారం నానే దింపుతాను సార్" అన్నాడు. "ఈమాటు గంటకొట్టీదాకా అక్కడే ఉంటాను" అన్నాడు. అది తన మీద నమ్మకం లేకనో, కూతురికి తోడనో గురునాథరావు అడగలేదు. అడిగే హక్కు లేదు.

సందులో దీపం లేదు. తడుముకుంటూ రెండడుగులు వేశాడు. వెనక వాళ్ళ ఇంటి తలుపు ఇంకా తెరిచే ఉంది, లోపలి వెలుతురు అతని కాళ్ళ ముందు పొడుగ్గా పరుచుకుంది. మలుపు దగ్గర తిరిగి చూస్తే గుమ్మంలో ఆరోగ్యమ్మ లాంతరు కొంచెం ఎత్తి పట్టుకుని ఉంది. అతను పెద్ద రోడ్డు ఎక్కేదాకా అలాగే ఉండి, అప్పుడు చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.